ఆయుధపూజ నాటి వెండిరంగు

పెళ్ళయి ఆరు నెలలైనా, మామగారి వర్క్‌షాపుకు వెళ్ళడమంటే అర్పితకు ఇంకా జాతరకు వెళ్ళినట్టే ఉంటుంది. బొమ్మసంద్రలోని ఆ రేకుల షెడ్డు, గ్రీజు వాసన, భర్త మునీంద్రతో పంచుకునే బై-టూ కాఫీ, గాజులకు అంటుకునే ఇనుప రజను, అన్నీ ఆమెకు ముచ్చటే.

ఆ రోజు బల్ల మీద ఒక మోటారు, దాని నుంచి ఊడదీసిన ప్రొపెల్లర్ ఉన్నాయి. చెరువులో గుర్రపుడెక్క తీసే పడవవి. ప్రొపెల్లర్ మూడు రెక్కల నిండా గుంటలు, గుంటల్లో ముగ్గుపిండిలాంటి తెల్లటి పొడి.

పడవ నడిపే సుంకన్న తువ్వాలు నలుపుతూ గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. అతను రాళ్ళ మీద తోలి పాడుచేశాడని చెరువు సంఘం వాళ్ళ అనుమానం. మామగారు రామాంజినప్ప కూడా ఔనంటే రేపటి నుంచి ఆ పడవ ఇంకొకరి చేతికి పోతుంది.

"రాయి తగల్లేదన్నా. నా బిడ్డ మాదిరి చూసుకుంటా ఉండా."

"నీ బిడ్డ మొగమంతా అమ్మవారు పోసినట్టు ఉండాదే సుంకన్నా!" అన్నాడు రామాంజినప్ప.

అర్పిత బీఎస్సీలో కెమిస్ట్రీ చదివింది. వంగి రెక్కల అంచుల వెంట వేలు పోనిచ్చింది. ఎక్కడా నొక్కు లేదు, వంపు లేదు.

"రాయి తగిలితే అంచు వంగాల కదా మామా? ఇది దెబ్బ కాదు. నీళ్ళు తినేసినాయి. స్టీలు షాఫ్టు, అల్యూమినియం రెక్కలు, మురుగునీళ్ళు, మూడూ కలిస్తే బ్యాటరీ మాదిరే. అల్యూమినియం కరిగిపోతుంది."

"అట్ల కాకూడదనే కదమ్మా మోటారుకు మెగ్నీషియం ముద్ద బిగించేది? ముందు అది కరగాల, రెక్కలు మిగలాల. చూడు, ముద్ద తళతళా అంటా ఉండాది."

బిగించిన నాలుగు నెలల్లో సగమైనా కరగాల్సింది తళతళలాడటమేమిటి? అర్పిత గోటితో గీకింది. వెండిరంగు పెచ్చు లేచి వచ్చింది. ఆ రంగు ఆమెకు గుర్తుంది.

నాలుగు నెలల కిందట, అత్తింట్లో మొదటి ఆయుధపూజ. అప్పుడు ఆ మోటారు సర్వీసుకు వచ్చి ఇక్కడే ఉంది. పూజకు ముందు పనిముట్లకు రంగు వేయమని అత్తగారు చేతికి బ్రష్షు ఇచ్చారు. ఆ సంబరంలో బెంచి వైస్‌కు, డ్రిల్లింగ్ మిషనుకు, మునీంద్ర కూర్చునే ముక్కాలిపీటకు కూడా ఆమె వెండిరంగు పూసింది. ఆ ముద్దకూ పూసింది. రంగు డబ్బా పట్టుకున్నది మునీంద్ర. రంగు కప్పుకున్న ముద్ద నీళ్ళకు తగల్లేదు, కరగలేదు. దాని బదులు రెక్కలు కరిగాయి.

తలెత్తితే మునీంద్ర తననే చూస్తున్నాడు. అతనికీ గుర్తొచ్చింది.

"నేనే పూసినా నాయనా," అన్నాడు గబుక్కున.

"కాదు మామా, నేను! సుంకన్నది ఏ తప్పూ లేదు," అంది అర్పిత. షెడ్డులోకి ఇంకెప్పుడైనా రానిస్తారో లేదోనని ఆమెకు దిగులేసింది.

రామాంజినప్ప ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "బాగుండాది సంసారం. మరి ఆ ముద్దకు కుంకుమబొట్టు పెట్టిందెవరు? నేను. రంగు చూసి, కోడలి చెయ్యి మంచిదని మెచ్చుకున్నా గూడా!"

అందరూ నవ్వేశారు. ఆ నవ్వు ఆగకముందే ఆయన సంఘం వాళ్ళకు ఫోను చేశాడు. "తప్పు మా షాపుది. సుంకన్నది కాదప్పా."

మధ్యాహ్నమంతా పని. మునీంద్ర వైరు బ్రష్షుతో తెల్లపొడి వదలగొట్టి, లోతు గుంటలను వెల్డింగుతో నింపి, ఆకురాయి పట్టాడు. ప్రొపెల్లర్‌ను కడ్డీకి గుచ్చి, ఏ రెక్కా బరువుతో కిందికి వాలకుండా సరిచూశాడు. తర్వాత రెక్కలకూ మోటారుకూ ప్రైమరు, నల్లరంగు. రంగుకు ముందే అర్పిత ముద్దను లోహం బయటపడేదాకా సాండ్‌పేపరుతో రుద్దింది. ఒక్క చుక్క రంగైనా పడకుండా దానికి టేపు చుట్టింది. రంగు ఆరాక టేపును తానే ఒలిచింది.

మూడో రోజు చెరువులో మోటారు వణుకు లేకుండా తిరిగింది. గట్టు మీదున్న అర్పితకు, మునీంద్రకు వినపడేలా సుంకన్న పడవలోంచి కేకేశాడు.

"అమ్మణ్ణీ, వచ్చే ఆయుధపూజకి నా బిడ్డకి ఏం పూస్తావు?"

"పూలదండ వేస్తా. అదీ సాయంత్రానికి తీసేస్తా!"

"అయితే ఎక్కండి, ఇద్దరూ!" అంటూ అతను పడవను గట్టుకు తిప్పాడు.