మేం తొక్కిన గోదా

నా మొగుడు గవరయ్యకి ఖిదిర్‌పూర్ డాక్ కూలీల లైన్లలో వస్తాదని పేరు. డాక్‌లో పని దిగగానే అఖాడాకి పోయి కుర్రాళ్ల చేత కుస్తీ పట్టిస్తాడు. ఆ అఖాడా మట్టి మీద ఆడది కాలు పెట్టకూడదు, హనుమంతుడికి కోపం వస్తుందట. ఆ మట్టిని జల్లించేది నేను. నూనె, పసుపు, మజ్జిగ కలిపేది నేను. గడప దాకా మోసుకెళ్లి, దించి, వెనక్కి తిరిగి రావాలి. హనుమంతుడు నాతో ఎన్నడూ ఏమీ అనలేదు. అన్నదంతా ఈయనే.

మా రోజారాణి చిన్నప్పుడు ఆ గడప బయట నిలబడి కుస్తీ చూసేది. పెద్దయ్యాక ఒక క్లబ్బులో చేరి మ్యాట్ మీద సుమో నేర్చుకుంది. పిల్ల దిట్టంగా ఉంటుంది. ‘ఇంత తిండి ఎక్కడికి పోతుందమ్మా’ అని ఇరుగుపొరుగు బుగ్గలు నొక్కుకుంటే, వాళ్ల నోళ్లు నేను నొక్కాను.

ఈ శీతాకాలం న్యూ టౌన్‌లో కొత్తగా కట్టిన ఇండోర్ హాల్లో సుమో, కుస్తీ పోటీలు పెట్టారు. జపాన్ నుంచి ఇద్దరు పెద్ద మల్లులు వస్తున్నారు. వాళ్ల ఆటకి ముందు మన ఆడపిల్లల పోటీ. అందులో గెలిచిన పిల్లని దేశం జట్టు శిబిరానికి తీసుకుంటారు. పోస్టరు మీద మా రోజా బొమ్మ కూడా వేశారు.

మట్టితో సుమో గోదా కట్టే పని గవరయ్యకి అప్పజెప్పారు. పని ఒప్పుకున్నది ఆయన, చేసింది మేము. నేను, పక్కింటి జగ్గమ్మ, మా లైన్ ఆడవాళ్లు. లారీలో వచ్చిన గంగ ఒడ్డు బంకమట్టిని తట్టలతో మోశాం, నీళ్లు చిలకరించి కాళ్లతో తొక్కాం, దిమ్మిసలతో కొట్టి కొట్టి ఎత్తు గట్టులా గట్టిపరిచాం. నా మడమలు పగిలిపోయాయి. పైన గడ్డిని లావుగా చుట్టి గుండ్రంగా పాతాం. ఆ చుట్టు దాటి అడుగు బయట పడినవాళ్లు ఓడినట్టే.

పోటీ రోజు మధ్యాహ్నం మేం బస్సు దిగి వెళ్లేసరికి గోదా మీద ఉప్పు చల్లి ఉంది. పోటీలు నడిపించే సేన్ బాబు ఎదురొచ్చాడు.

“బౌదీ, చిన్న మార్పు,” అన్నాడు, బెంగాలీ వరసలో వదినా అని పిలుస్తూ. “గోదాకి పూజ అయిపోయింది. ఇక ఆడవాళ్లు ఎక్కకూడదు. అమ్మాయిలకి వెనక బ్యాడ్మింటన్ హాల్లో మ్యాట్ వేయించాను. సరదాగా ఆడనివ్వండి. శిబిరం సంగతి వచ్చే ఏడు చూద్దాం.”

నా ఒళ్లు మండిపోయింది. “నిన్న మేం తొక్కినప్పుడు లేని మైల ఇయ్యాల ఎక్కడ్నించి వచ్చింది దాదా? ఆ జపానోళ్లు చెప్పినారేటి?”

“వాళ్ల దేశంలో పెద్ద గోదాలకి ఆ ఆచారం ఉందట. ఇక్కడ మాత్రం వాళ్లేమీ అనలేదు. మీ గవరయ్యే చెప్పాడు. పూజయ్యాక ఆడది ఎక్కితే మట్టి చెడిపోతుందన్నాడు. వస్తాదు మాట కాదనగలమా?”

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టాను. గోదా పక్కనే తలపాగా సర్దుకుంటూ నిలబడి ఉన్నాడు, దేవుడికి మేలు చేసినట్టు మొహం పెట్టి.

“కూతురి నోట్లో మట్టి కొట్టీసినావు గదా మావా!”

“అరవకే. నలుగురూ చూస్తన్నారు. ఆచారం ఆచారమే. దానికేటి, మ్యాట్ మీద ఆడుకుంటాది.”

రోజా అంతా విన్నది. ఏడవలేదు. చెప్పులు విప్పింది, గట్టు ఎక్కింది, గోదా నడిమధ్య నిలబడి తొడ చరిచింది. హాలంతా అటే తిరిగింది.

“నాన్నా, రా. నన్ను బయటికి తోసీ. తోసీగలిగితే నానే ఎల్లి ఆ మ్యాట్ మీద ఆడతాను.”

తొడ చరిచి పిలిస్తే వస్తాదు వెళ్లి తీరాలి. వెళ్లకపోతే లంగోటా విప్పి హనుమంతుడి పాదాల దగ్గర పెట్టెయ్యాలి. ఇది అఖాడా కట్టుబాటు. గవరయ్య నోటి నుంచి ఆ మాట వందసార్లు విన్న కుర్రాళ్లు ముందు వరసలోనే కూర్చున్నారు.

వెళ్లాడు. మట్టి కళ్లకద్దుకున్నాడు. కూతురి భుజాల మీద చేతులు వేసినట్టే వేసి, నవ్వుతూ వెనక్కి జరిగి, తనే కాలు బయట పెట్టాడు.

“నువ్వే గెలిచినావు తల్లీ. ఇంక దిగు.”

జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లకి నాకు ఇంకా కాలింది.

“ముష్టి ఏస్తన్నావేటి నాన్నా?” అని అరిచింది రోజా. “నీ కుర్రోళ్లతో పట్టినట్టు పట్టు!”

గవరయ్య మొహంలో నవ్వు పోయింది. ఈసారి భుజం దించి ఎద్దులా వచ్చి గుద్దాడు. పిల్ల జారుతూ వెనక్కి పోయింది, మడమలు గడ్డిచుట్టుకి తగిలాయి. “తొయ్యే! తోసీ!” అని అరిచాను. కట్టుకున్నవాడి నడుం విరిగినా సరే అనుకున్నాను, దేవుణ్ని క్షమించమని కూడా అడగలేదు. రోజా మోకాళ్లు వంచి కిందికి దిగింది. రెండు చేతులా ఆయన నడికట్టు దొరకబుచ్చుకుని ఒక్క ఊపున పైకెత్తింది. అలాగే నడిచి, ఆయన్ని చుట్టు బయట నిలబెట్టింది.

చప్పట్లు లేవు. గవరయ్య చుట్టు బయట ఉన్న తన కాళ్లకేసి చూసుకున్నాడు.

“పిల్లలు ఇక్కడే ఆడతారు బాబూ,” అన్నాడు సేన్ బాబుతో. “నాను చెప్పింది తప్పు.”

గోదా మీదే ఆడారు. రోజా ఎదురొచ్చిన అస్సాం పిల్లనీ, ఆఖర్న సిలిగురి పిల్లనీ తోసేసింది. జట్టు శిబిరానికి దాని పేరే మైకులో చదివారు. జగ్గమ్మ నన్ను కావిలించుకుని ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చేదే. అంతలో గవరయ్య కేక వినిపించింది. చుట్టూ జనాన్ని పోగేసుకుని, గుండెలు చరుచుకుంటున్నాడు.

“నా పిల్ల! మా అఖాడా పిల్ల!”

నేను జనాన్ని తోసుకుంటూ వెళ్లి ఎదురుగా నిలబడ్డాను.

“ఏ అఖాడా?”

నేను చెయ్యి చాపాను.

“తాళంచెవి ఇటియ్యి. రేపట్నించి అఖాడాలో రోజా పడతాది, లైన్‌లో ఆడపిల్లలందరూ పడతారు. మట్టి నానే లోపలికొచ్చి పోసి తొక్కుతాను.”

“ఇంటికెల్లినాక ఇస్తానే.”

“ఇప్పుడియ్యి.”

తాళంచెవి ఆయన మొలతాడుకి కట్టి ఉంటుంది. చొక్కా ఎత్తి తడుముకున్నాడు. కుర్రాళ్లంతా చూస్తున్నారు.

“ముడి రావట్లేదే లచ్చిమీ.”

“తెంపీ,” అన్నాను.

తెంపాడు.