తాళాలవాడు మూడోసారి

సినిమా మొదలై పావుగంట దాటినా హాల్లో ఒక్కరూ కదలలేదు. ఆమెకు కంగారు మొదలైంది అక్కడే.

ప్రివ్యూ హాల్లో తెర కింద ఓ మూల, జనానికి ఎదురుగా వేసిన కుర్చీలో ఆమె కూర్చుని ఉంది. తెర ఆమె వీపు వెనక. ఒళ్ళో నోటుపుస్తకం, చేతిలో పెన్సిలు. ఎదురుగా నూట ఇరవై మంది. ఎవరు కాలు మీద కాలు మార్చుకున్నారు, ఎవరు ఫోను తీశారు, ఎవరు పక్కవాళ్ళ చెవి కొరికారు, ఇవన్నీ నిమిషాల వారీగా గీతలు పెట్టుకోవడం ఆమె పని. అందుకే యూనిట్‌లో చిన్నా పెద్దా అందరికీ ఆమె ఎదురుకుర్చీ అక్క. అసలు ఉద్యోగం వేరే ఉంది. కళ్ళద్దాల దుకాణంలో వచ్చినవాళ్ళ చూపు పరీక్షిస్తుంది. ఈ గీతల పని అన్నయ్య కోసం చేసేది.

ఇది ఎవరో నేర్పిన విద్య కాదు. ఏడేళ్ళ కిందట అన్నయ్య మొదటి సినిమా తీశాడు. వాళ్ళ నాన్నది తాళాలు బాగుచేసే కొట్టు. ఆ కొట్లో ఇనపరజను పీలుస్తూ పెరిగినవాడు గనక తాళాలవాడి కథే తీశాడు. ఓ ముసలావిడ గదికి లోపల్నుంచి తాళం వేసుకుని ఎంత పిలిచినా పలకడం లేదు. తాళంచెవి తాళంలోనే విరిగింది. ఇంట్లోవాళ్ళు తాళాలవాణ్ణి పిలిచారు. అంతే కథ. తొలి ఆట నాడు ఆమెకు తెర వైపు చూసే ధైర్యం చాల్లేదు. ముందు వరసలో కూర్చుని, వెనక్కి తిరిగి జనం మొహాలే చూస్తూ, ఎవరు కదిలినా నోటుపుస్తకంలో గీత పెడుతూ ఉండిపోయింది. ఇంటికొచ్చాక అన్నయ్యతో, "ఆ మేనమామ ఉపన్యాసం మొదలెట్టగానే హాలంతా దగ్గులు. పాటలో ముగ్గురు లేచెళ్ళారు" అని చెప్పింది. అన్నయ్య ఆ రెండు ముక్కలూ కోసేశాడు. సినిమా ఆడింది. ఎంత ఆడిందంటే, వీధిలో ఎవరింటి తాళం బిగుసుకున్నా సినిమాలోని తాళాలవాణ్ణే తలుచుకునేంత.

రెండో సినిమాలో తాళాలవాడి మీద దొంగతనం నింద పడింది. ఒకప్పుడు తను చేసిన తాళాన్నే తను తీయాల్సి వచ్చింది. అప్పుడే ఆమెకు మొదటిసారి ఎదురుకుర్చీ వేశారు. అదీ ఆడింది. ఇప్పుడు మూడోది.

తాళాలవాడు తెర మీదికి రాగానే చప్పట్లు, ఈలలు. తాళానికి చెవి ఆనించే ముందు అతను "ఆగండి, అది మాట్లాడుతోంది" అంటాడు. ఆ మాట అతనికన్నా ముందే హాలంతా అందుకుంది. ఆ తర్వాత నిశ్శబ్దం. ఈసారి కథ సముద్రం అడుగున ఉక్కుగదిలో జరుగుతుంది. మూడు వందల తాళాలు. వెనక పేలుళ్ళకి ఆమె కుర్చీ అదురుతోంది. ఎదురుగా ఉన్న మొహాలు మాత్రం రోజూ వెళ్ళే బస్సులో కిటికీ పక్కన కూర్చున్నవాళ్ళ మొహాల్లా ఉన్నాయి. కళ్ళు తెరిచే ఉన్నాయి, మనసు ఎక్కడుందో తెలీదు.

ఆట అయ్యేసరికి పుస్తకంలో నలభై ఒక్క గీతలు. మొదటి సినిమాకి రెండు వందల ముప్ఫై, రెండోదానికి నూట అరవై. నిర్మాత ఆమె భుజం మీంచి తొంగిచూసి ఎగిరి గంతేసినంత పనిచేశాడు.

"నలభై ఒకటేనా! అమ్మా, నీ నోట్లో పంచదార పొయ్య! జనాన్ని కుర్చీలకి అతికించేశాడన్నమాట మీ అన్న."

ఆమె చెప్పులు తొడుక్కుని, వాళ్ళ మాటలు వినడానికి జనం వెనక మెట్ల మీదికి పరిగెత్తింది.

"బాగుంది."

"ఆఁ, బాగుంది. బండి ఎక్కడ పెట్టావ్?"

"ఆ మూలన. పద, మళ్ళీ వర్షమొస్తుంది."

అంతే. మొదటి సినిమా అయ్యాక ఇవే మెట్ల మీద జనం అరగంట కొట్టుకున్నారు. ఆ తలుపు తీయాల్సింది కాదని కొందరు, తీయకపోతే ఆవిడ గతేంటని కొందరు. కాపలా అతను గేటు వేసుకోవాలి బాబూ అని బతిమాలాల్సి వచ్చింది. ఇవాళ అయిదు నిమిషాల్లో మెట్లు ఖాళీ. బస్సు కండక్టరు చొక్కా వేసుకున్న ఒకావిడ మాత్రం గొడుగు విప్పుతూ వెనకబడింది.

"ఎలా ఉందండీ?" అని అడిగింది ఈమె.

"బాగుందమ్మా."

"ఎక్కడ బాగా నచ్చింది?"

ఆవిడ ఆలోచించింది. గొడుగు సగంలో ఆగింది. "అన్నీ బాగున్నాయి. మొదటిది నేను నాలుగుసార్లు చూశాను తెలుసా." తప్పు చేసి దొరికిపోయినదానిలా మొహం పెట్టి, "ఇదీ బాగుందిలే. ఏమనుకోకండి" అనేసి వర్షంలోకి వెళ్ళిపోయింది.

ఆ "ఏమనుకోకండి" ఆమె గుండెలో ముల్లులా దిగింది.

ఎడిటింగ్ గదిలో అన్నయ్య కుర్చీ గుండ్రంగా తిప్పుకుంటూ కూర్చున్నాడు. "నలభై ఒకటంట కదే!"

"అన్నయ్యా, వాళ్ళు కదల్లేదు."

"మనక్కావలసింది అదేగా!"

"కాదు. మొదటిదాంట్లో తెగ కదిలారు. కానీ అందులో సగం ముందుకి కదిలారు, కుర్చీ అంచుకి. నేనే పిచ్చిదాన్ని, ముందుకీ వెనక్కీ తేడా లేకుండా అన్నిటికీ ఒకటే గీత పెట్టాను. ఇవాళ వెనక్కి ఆనినవాళ్ళు ఆనినట్టే ఉన్నారు."

"సరే. ఎక్కడ కొయ్యమంటావ్?"

"కోస్తే పోయేది కాదు."

"మరేం చెయ్యమంటావ్?"

"తెలీదు."

అన్నయ్య కుర్చీ తిప్పడం ఆపాడు. "మూడు వారాల్లో విడుదల పెట్టుకుని, తెలీదని చెప్పడానికొచ్చావా? నాలుగు మొహాలు చూసినంత మాత్రాన సినిమా తెలిసిపోయిందనుకున్నావా? కళ్ళద్దాలు తగిలించేదానివి, నీకు..." అక్కడ ఆగాడు. ఆగినా, అనకూడనిది అప్పటికే అనేశాడు. ఆమె పుస్తకం సంచిలో పెట్టుకుని మెట్లు దిగింది.

తర్వాతి రెండు రోజులూ ఆమె కాలుగాలిన పిల్లిలా తిరిగింది. వంటింట్లోకి ఎందుకు వచ్చిందో మరిచిపోయి మళ్ళీ గదిలోకి, గదిలోంచి మళ్ళీ వంటింట్లోకి. దుకాణంలో ఒక పెద్దాయన చేత ఒకటే వరస మూడుసార్లు చదివించింది. "అమ్మా, ఈ అక్షరాలు నాకు కంఠతా వచ్చేశాయి. చూపు బాగైనట్టేనా?" అన్నాడాయన. ఆమె నవ్వలేకపోయింది. కోపం అన్నయ్య మీద కాదు. తను చూసింది నిజమని తెలుసు, అదేంటో చెప్పడానికి మాట దొరకడం లేదు. మాట నాలుక చివర ఉండి రాకపోతే ఎలా ఉంటుందో అలా ఉంది ఒళ్ళంతా.

మూడో రోజు మధ్యాహ్నం భోజనం మానేసి నాన్న కొట్టుకి వెళ్ళింది. ఏం కావాలని వెళ్ళిందో ఆమెకే తెలీదు. కొట్టు అంటే రెండు బారల వెడల్పు. గోడంతా మేకులు, మేకులకి గుత్తులు గుత్తులుగా తాళంచెవులు. నాన్న తలెత్తకుండానే, "కూర్చో. ఆ స్టూలు కుంటిది, చూసుకో" అన్నాడు.

బల్ల మీద ఓ ఇనప్పెట్టె ఉంది. దాని ముందు ఓ దర్జీ ఆవిడ నిలబడి ఉంది. మెడలో కొలతల టేపు అలాగే ఉంది. ఆ పెట్టె ఆవిడ తల్లిదట. చెవి పోయి పదకొండేళ్ళయిందట. లోపలేముందో తెలీదట. పక్కన ఒక పోస్ట్‌మాన్. అతని తాళంచెవి తయారై అతని చేతిలోనే ఉంది. అయినా కదలడం లేదు.

నాన్న సన్నటి తీగ ఒకటి తాళంలోకి దూర్చి, కళ్ళు మూసుకుని వేళ్ళతో వెతికాడు. తీగ జారింది.

"ఊఁహూ."

ఇంకో తీగ. అది లోపలే వంగిపోయింది. దాన్ని బయటికి లాగడానికే పది నిమిషాలు పట్టింది. నూనె చుక్కలు వేశాడు. చిన్న సుత్తితో పక్కన తట్టాడు. చెమట కళ్ళలోకి కారుతుంటే కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "రాదేమోనమ్మా. తుప్పు బాగా పట్టేసింది. కోసేస్తే సరి, కానీ పెట్టె పాడవుద్ది" అన్నాడు.

దర్జీ ఆవిడ పెదవి కొరుక్కుంది. పోస్ట్‌మాన్, ఆ పెట్టె వాళ్ళమ్మదే అయినట్టు, "ఇంకొక్కసారి చూడండి పెద్దాయనా. ఇందాక టిక్‌మంది, నేను విన్నాను" అన్నాడు.

"నువ్వు విన్నది నా మోకాలు."

అయినా నాన్న మళ్ళీ తీగ అందుకున్నాడు. పోస్ట్‌మాన్ సంచి భుజం మీంచి జారి మోచేతికి వచ్చింది. అతను సర్దుకోలేదు. దర్జీ ఆవిడ ఊపిరి బిగబట్టింది. వీధిలో ఏదో బండి హారన్ కొడుతూనే ఉంది, ఎవరూ తిరిగి చూడలేదు. ఈ రెండు మొహాలూ చూస్తూ చూస్తూ ఉన్నట్టుండి ఆమె తనూ కుంటి స్టూలు అంచుకి వచ్చేసిందని గమనించింది.

తాళం తెరుచుకుంది. నాన్న మూత ఎత్తలేదు, పెట్టెను దర్జీ ఆవిడ వైపు తిప్పాడు. ఆవిడ తెరిచింది. లోపల దారపు ఉండలు, తుప్పుపట్టిన సూదులు, సగం అరిగిన సుద్దముక్క.

"ఇంతేనా!" అంటూ ఆవిడ నవ్వేసింది. నవ్వుతూనే సుద్దముక్కను చీర చెంగులో ముడేసుకుంది. పోస్ట్‌మాన్ కూడా, ఏదో నిధి దొరికినట్టే, తృప్తిగా తలూపి ఉత్తరాలు పంచడానికి పోయాడు.

"నాన్నా, నువ్వు తీయలేకపోయిన తాళాలున్నాయా?"

"లేకేం? నెలకి రెండు మూడు తగుల్తాయి."

"అన్నయ్య కొత్త సినిమాలో తాళాలవాడు మూడు వందలు తీస్తాడు."

"ఓహో. ఎన్ని తప్పుతాడు?"

"ఒక్కటీ తప్పడు."

నాన్న సుత్తి సొరుగులో పడేశాడు. "అయితే అవి తాళాలెందుకయ్యాయి? తలుపులు తీసే ఉన్నట్టు లెక్క."

ఆమె ఆ మాట పట్టుకుని రెండు వీధులు పరిగెత్తినట్టే నడిచింది. ఎడిటింగ్ గది తలుపు తోసి, నిలబడే చెప్పింది. "మొదటిదాంట్లో వాడు పన్నెండు నిమిషాలు తీయలేకపోయాడు. రెండోదాంట్లో వాడి తాళమే వాణ్ణి ఏడిపించింది. ఇందులో వాడికన్నీ వచ్చు. వాడు తాళం దగ్గరికి వెళ్ళేలోపే జనానికి తెలిసిపోతుంది, తీసేస్తాడని. ఇంక దేనికోసం ముందుకి జరుగుతారన్నయ్యా?"

అన్నయ్య అరుస్తాడనుకుంది. అరవలేదు. కుర్చీ ఆమె వైపు తిప్పుకున్నాడు.

"నేనే చేశానే వాణ్ణలా," అన్నాడు. "మొదటి రెండింట్లో వాడెవరో ఎవరికీ తెలీదు. వాణ్ణి ఓడించినా, ఏడిపించినా నన్ను అడిగేవాళ్ళు లేరు. ఇప్పుడు పిల్లలు వాడి బొమ్మ ఉన్న సంచులు వేసుకుని బడికెళ్తున్నారు. వాడు ఓడిపోయే సీన్ రాశాను. నాలుగుసార్లు రాశాను. చింపేశాను. భయమేసింది."

"దేనికి?"

"వాడు ఓడితే నేను ఓడినట్టేనేమోనని." కుర్చీలోంచి లేచి, "మొన్న నిన్ను అన్న మాట..." అన్నాడు.

"అది తర్వాత చూద్దాం. ముందు దీని సంగతి చూడు."

నిర్మాత నెత్తీ నోరూ బాదుకున్నాడు. నలభై ఒక్క గీతల సినిమాని కెలకడమేంటన్నాడు. ఆఖరికి రెండు రోజులు ఒప్పుకున్నాడు, అంతకు మించి ఒక్క పూట కూడా కాదని. సముద్రాన్ని ఎలాగూ మార్చలేరు. నాన్న కొట్లో ఒక్క సీన్ తీశారు. ఉక్కుగదికి బయల్దేరే ముందు తాళాలవాడు ఓ చిన్న డబ్బా తాళం తీయలేక, అలా వదిలేసి వెళ్ళిపోతాడు. దగ్గరి షాట్లలో చేతులు నాన్నవే. హీరో తీగ పట్టుకున్న తీరు చూసి నాన్న, "అది చెంచా కాదు బాబూ" అని అందరి ముందూ కసిరాడు. హీరో రోజంతా మూతి ముడుచుకున్నాడు.

విడుదల నాడు ఆమె టిక్కెట్టు కొనుక్కుని, ముందు వరసలో మెడ తిప్పుకుని కూర్చుంది. కొట్లో తీసిన సీన్ నడిచిన నాలుగు నిమిషాలూ జనం ముందుకి వంగారు. ఒకతను పక్కసీటు వాడి చెయ్యి పట్టుకున్నాడు కూడా. ఆ తర్వాత సముద్రం వచ్చింది, మూడు వందల తాళాలూ వచ్చాయి, ఒక్కొక్క వీపూ మళ్ళీ కుర్చీకి ఆనింది. ఒక్క సీన్ సినిమా మొత్తాన్నీ మోయలేదని ఆమెకు తెలుసు. పత్రికల వాళ్ళు మొహమాటపడలేదు. మొదటి రెండింటి పుణ్యాన బతికిన సినిమా అన్నారు. రెండు వారాలకి హాళ్ళలోంచి తీసేశారు.

అన్నయ్య నెలరోజులు ఫోను ఎత్తలేదు. ఓ ఆదివారం సాయంత్రం చెప్పాపెట్టకుండా వచ్చి, గడపలోనే నిలబడ్డాడు. గడ్డం పెరిగింది.

"కళ్ళద్దాల మాట అనకుండా ఉండాల్సింది," అన్నాడు.

"అవును," అంది ఆమె. "లోపలికి రా."

టీ పెట్టింది. అతను కూర్చోలేదు. కిటికీ దాకా వెళ్ళి వస్తున్నాడు, కుర్చీ వీపు పట్టుకుంటున్నాడు, వదిలేస్తున్నాడు. నాలుగోది తీద్దామని నిర్మాత పిలిచాడట. ఈసారి తాళాలు ఆకాశంలోనట. ఇంకా జవాబు చెప్పలేదట.

"చెప్తావా?"

"ఏమో." టీ కప్పు అందుకుని తాగకుండా పట్టుకున్నాడు. "అది కాదు కానీ, వస్తుంటే దారిలో ఒకావిణ్ణి చూశానే. చెప్పుల కొట్టు ముందు నిలబడింది. చేతిలో రెండు చెప్పులు, రెండూ ఎడమ కాలివే. కొత్తవి. మార్చమని లోపలికి వెళ్ళడం లేదు, ఇంటికీ వెళ్ళడం లేదు. నేను సిగ్నల్ దగ్గర రెండుసార్లు ఆగాను, అక్కడే ఉంది."

"మోసపోయిందేమో."

"కాదే. మొహం అలా లేదు. ఎవరికోసమో చూస్తున్నట్టుంది."

"ఎవరికోసం?"

"తెలీదు."

"పక్కన ఎవరైనా ఉన్నారా?"

"చూడలేదు. ఇందాకట్నుంచీ అదే తొలిచేస్తోంది."

ఆమె పొయ్యి కట్టేసింది. టీ కప్పు అతని చేతిలోంచి తీసుకుని బల్ల మీద పెట్టింది.

"ఎంత దూరం?"

"పది నిమిషాలు."

"పద అయితే," అంటూ చెప్పులు వెతుక్కుంది. "కొట్టు ఇంకా మూసుండరు."