ఒకవైపే పదును

టర్నరుకు చూపు పోయి నాలుగేళ్ళయింది. ఒక్కసారిగా పోలేదు. ముందు కుడికన్ను మసకబారింది, తర్వాత ఎడమకంట్లో నల్లచుక్కలు తేలాయి. ఒంట్లో చక్కెర ఇలా పెరుగుతూ పోతే కళ్ళకే చేటని డాక్టరు మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

ముప్ఫై రెండేళ్ళు టర్నరుగా లేత్ మెషీన్ మీద ఇనుము తరిగిన మనిషి ఆయన. వర్క్‌షాపులో అందరూ ఆయన్ని చాటున వెంట్రుకవాసి అనేవారు. ఎవరు ఏ ముక్క చేసి తెచ్చినా రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, వెంట్రుకవాసి ఎక్కువుందనో తక్కువుందనో తేల్చేసేవాడు. కొలిచి చూస్తే సరిగ్గా అంతే ఉండేది. మెషీన్ తిరుగుతుంటే అటు తిరిగి నిలబడి కూడా, పనిముట్టు సరిగ్గా కోస్తోందో రాసుకుంటోందో చప్పుడును బట్టి చెప్పేవాడు. అటువంటివాడికి చివరికి తన గడ్డం తనకు గీసుకోరాకుండా పోయింది. చూపు పోయిన మొదటి నెలలోనే పై పెదవి కోసుకుని చొక్కా అంతా నెత్తురు చేసుకున్నాడు. ఆనాటి నుంచి రోజూ భార్యే గీస్తోంది.

ఆవిడ ఇంట్లోనే బట్టలు కుట్టేది. పొద్దున్నే కుట్టుమిషను ముందు కూర్చోకముందే ఆయన్ని కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టి, మెడకు తువ్వాలు చుట్టి, వేణ్ణీళ్ళతో నురగ రాసేది. గీస్తూ వీధిలో సంగతులన్నీ చెప్పేది: ఎవరింట్లో పెళ్ళి కుదిరిందీ, ఎవరి కోటు బిగుతైందీ, ఎదురింటి పోస్టుమాన్ పిల్లి ఎన్ని పిల్లల్ని పెట్టిందీ. ఆయన బుగ్గ పూరించి ఉలుకూ పలుకూ లేకుండా వినేవాడు. "నేను మాట్లాడాలి, మీరు నోరు మూసుకోవాలి. పెళ్ళయినప్పట్నుంచీ నేను కోరుకున్నది ఇదే" అని నవ్వేది. చీకటైపోయిన ఆయన రోజు మొత్తంలో ఆ పది నిమిషాలే వెలుతురు.

ఒకరోజు ఆవిడ గీయడం ముగించి, తువ్వాలు దులుపుతూ, ఇకమీదట ఎవరి గడ్డం వాళ్ళే గీసుకోవాలని చెప్పింది. ఆయన పరిహాసమనుకున్నాడు. కాదట. ఆవిడ దగ్గర ప్యాంట్లు పొట్టి చేయించుకునే ముసలాయన ఒకడున్నాడు. ఆయనకూ చూపు ఆనదు, అయినా చెంపలు అద్దంలా ఉంటాయి. ఎలాగని అడిగితే, తాతలనాటి రేజరట. ఒకవైపే పదునుండే మందపాటి బ్లేడు దానికి. గీస్తుంటే గోడ అవతలికి వినిపిస్తుందట. ఎక్కడ వెంట్రుకలున్నాయో, ఎక్కడ అయిపోయాయో ఆ చప్పుడే చెబుతుందట.

"నా మొహం పట్టుకోవడం కూడా బరువైపోయిందా నీకు?" అన్నాడు టర్నరు.

ఆవిడ వెళ్ళి పనిలో కూర్చుంది. మధ్యాహ్నం దాకా కుట్టుమిషను ఆగకుండా నడుస్తూనే ఉంది. ఆ మాట అనకుండా ఉండాల్సిందని ఆయనకు తెలుస్తూనే ఉంది. కానీ మగవాడి బింకం, వెనక్కి తీసుకోలేదు.

ఆదివారం ఇద్దరూ పాతసామాన్ల సంతకు వెళ్ళారు. ఆ వరసలో తుప్పు, కిరసనాయిలు, తడిసిన కాగితాల వాసన. బొంగురుగొంతు వ్యాపారి ఒకడు అలాంటి రేజర్లు మూడున్నాయని ఆయన ముందు గుడ్డ పరిచి పెట్టాడు. టర్నరు మొదట చేయి చాపలేదు. భార్యే ఆయన చేయి పట్టి మొదటిదాని మీద పెట్టింది.

పిడి చల్లగా తగిలింది. తల చిన్న తలుపులా తెరుచుకుంటుంది. లోపల బ్లేడు పడుకోబెట్టి మూసేస్తే టక్కుమంటుంది. ఆయన బొటనవేలు దాని అంచు మీదుగా నెమ్మదిగా పోయి ఒక మూల ఆగింది. మళ్ళీ వెనక్కి వెళ్ళి వచ్చింది. బ్లేడును ఆపే రెండు మూలల్లో ఒకటి అరిగిపోయిందనీ, అటువైపు బ్లేడు వెంట్రుకవాసి బయటికి వస్తుందనీ, దీనితో గీసుకుంటే ప్రతిసారీ అదే చోట తెగుతుందనీ చెప్పాడు. వ్యాపారి అది మూడింట్లోకీ ధగధగ మెరిసేదని నొచ్చుకున్నాడు. రెండోదాని స్ప్రింగు వదులు. మూడోది చేతిలోకి తీసుకున్నాడు. మూత తెరిచాడు, మూశాడు, చెవి దగ్గర పెట్టుకుని మళ్ళీ మూశాడు. పై పూత పెచ్చులూడిపోయి గరుగ్గా ఉంది గానీ, మూత మాత్రం వెంట్రుకవాసి తేడా లేకుండా పడుతోంది.

"ఇది చేసినవాడికి పని తెలుసు" అన్నాడు.

అది చూడ్డానికి మరీ వికారంగా ఉంటుంది సార్ అని వ్యాపారి నిజాయితీగానే చెప్పాడు. తనకు అందంతో ఏం పనని టర్నరు అంటే భార్య పకపకా నవ్వింది. నాలుగేళ్ళలో ఇనుము గురించి ఆయన చెప్పడం, ఒకరు వినడం అదే మొదలు. తిరిగి వస్తుంటే ఛాతీ విరుచుకుని నడిచాడు. ఎప్పుడూ తను ఆవిడ భుజం పట్టుకునేవాడు. ఆ రోజు ఆవిడే ఆయన చేతి మీద బరువంతా మోపి, రెండుచోట్ల ఆగి ఊపిరి తీసుకుంది. ఎండ కదా అనుకున్నాడు.

బ్లేడ్ల దగ్గర చిన్న అవస్థ పడ్డారు. ఇనుప సామాన్ల కొట్టువాడు ఇచ్చినవి గోడల మీది పాత రంగు గీకే బ్లేడ్లు. సైజు సరిపోయింది గానీ మొహం కారం పూసినట్టు మండింది. ఆవిడ మళ్ళీ ఆ ముసలాయన్ని అడిగి, గడ్డానికని విడిగా నునుపుపూత వేసి అమ్మే వాటిని తెప్పించింది. తర్వాత రోజూ పక్కన నిలబడేది, చేయి మాత్రం వేసేది కాదు. రేజరు తలను ముందు చెంపకు బల్లపరుపుగా ఆనించాలి. అది పలికేదాకా పిడిని కొద్దికొద్దిగా కిందికి వంచాలి. అంతే, నొక్కకూడదు, దాని బరువుకే దాన్ని వదిలెయ్యాలి. మొదటివారం నాలుగుచోట్ల తెగింది. రెండోవారం ఒకనాడు, కుడిచెంప మీద గరగరమని నిండుగా పలుకుతున్న చప్పుడు ఉన్నట్టుండి పలచబడింది. వేలితో తడిమి చూసుకున్నాడు. నున్నగా ఉంది. మెషీన్ మీద కడ్డీ సాపు అయినప్పుడు వినబడేది సరిగ్గా ఈ మార్పే. "ఇదిగో, ఒకసారి విను" అని కేకేశాడు. తడుముకుంటూ వెతికాడు. ఆవిడ లోపలి గదిలో పడుకుని ఉంది. పొద్దున్న ఎనిమిదింటికి ఆవిడ పడుకోవడం ఆయన ఎరుగడు.

ఆ నెలలోనే ఆవిడ వంటింట్లో ఉప్పుడబ్బాకు దారం కట్టింది, చక్కెరడబ్బాను ఆయనకు అందని అరలోకి మార్చింది. చొక్కాల కాలర్ల లోపల ముళ్ళు వేసి, ఒక ముడి తెలుపు, రెండు ముళ్ళు నీలం అని అప్పజెప్పించుకుంది. నన్ను బడిలో వేస్తున్నావా అని ఆయన విసుక్కున్నాడు.

ఒక ఉదయం గీసుకోవడం అయ్యాక, రోజూలాగే ఆవిడ అరచేత్తో ఆయన చెంపలు తడిమి చూస్తోంది. ఈరోజు మార్కులెన్ని అంటూ ఆయన సరదాకి ఆవిడ మణికట్టు పట్టుకున్నాడు. పట్టుకుని, నవ్వు ఆపేశాడు. ముప్ఫై ఏళ్ళుగా తెలిసిన మణికట్టు. ఎప్పుడు పట్టినా బొటనవేలు చూపుడువేలికి అంటీ అంటనట్టు తగిలేది. ఇప్పుడు ఏకంగా మొదటి కణుపు దాటిపోయింది. ఊరందరి ముక్కల్లోనూ వెంట్రుకవాసి తేడా పట్టినవాడు, తన ఇంట్లో ఇంత తరుగుదల పట్టలేకపోయాడు.

"ఎన్నాళ్ళ నుంచి?" అని అడిగాడు.

"పోయిన వానాకాలం నుంచి."

"డాక్టరేమన్నాడు?"

ఆవిడ కుర్చీ జరుపుకుని ఆయన ఎదురుగా కూర్చుంది. "మీకు పైన గడ్డం, నాకు లోపల గడ్డ. రెండూ పెరిగేవే. ఒకటే గీస్తే పోతుంది" అంది. ఎప్పటిలా నవ్వుతూనే అంది.

ఆయన ఆవిడ చెయ్యి వదల్లేదు. ఆనాడు అన్న మాట మనసులో పెట్టుకోవద్దన్నాడు. ఏమాట అందావిడ. నా మొహం పట్టుకోవడం బరువైందా అన్నాను చూడు, అదీ అన్నాడు. ఆవిడ, "బరువనిపిస్తే నాలుగేళ్ళు పట్టుకుంటానా? నేను లేనప్పుడు మీరు మాసిన మొహంతో తిరుగుతుంటే నలుగురూ జాలిపడతారు. మీరది తట్టుకోలేరు. మీ సంగతి నాకు తెలీదూ" అంది.

రెండు నెలలకు ఆవిడ ఆసుపత్రిలో మంచం పట్టింది. టర్నరు చెల్లెలు వచ్చి ఇంట్లో ఉండి, రోజూ పొద్దున్నే అన్నను బస్సులో తీసుకెళ్ళేది. ఆయన ఒక్కరోజు కూడా గీసుకోకుండా వెళ్ళలేదు. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని మొహం ముందుకు వంచేవాడు. ఆవిడ వేళ్ళు నెమ్మదిగా చెంప మీద మొదలై దవడ కిందికి దిగేవి. ఒకరోజు ఎడమచెవి కింద ఆగి, ఇక్కడ వదిలేశారంది. ఆ చోట వేళ్ళు కాసేపు అలాగే ఉంచింది. మర్నాడూ అక్కడే వదిలాడు. ఆ మర్నాడూ వదిలాడు.

"కావాలనే వదులుతున్నారు కదూ?" అంది నాలుగోరోజు.

ఆయన మొహం ఇంకాస్త ముందుకు వంచాడు. పోనీలెండి అంది. ఆ రోజు ఆవిడ వేళ్ళు ఆ చోటునే ఉండగా నిద్రపోయింది. మెడ పట్టేసినా చెల్లెలు వచ్చి లేపేదాకా ఆయన కదల్లేదు.

ఆవిడ ఆసుపత్రిలో చేరిన పదకొండోరోజు ఉదయం ఆయన అద్దం లేని గోడకెదురుగా నిలబడి గీసుకుంటున్నాడు. కుడివైపు అయింది, ఎడమవైపు నురగ ఆరకముందే మొదలుపెట్టాలి. ముందుగదిలో ఫోను మోగింది. చెల్లెలు ఎత్తింది. ఏం మాట్లాడకుండా విని, పెట్టేసింది. చెల్లెలి అడుగులు తలుపు దగ్గరకొచ్చి ఆగిపోయాయి. ఆయనకు చెప్పనక్కర్లేకపోయింది.

"వదిన పోయిందన్నయ్యా" అని చెల్లెలు బావురుమంది. వెంటనే బయల్దేరదామంది. ఆయన కదల్లేదు. ఒక చెంప నున్నగా, ఇంకో చెంప నురగతో నిలబడ్డాడు. ఇలా సగం మొహంతో మీ వదిన దగ్గరికి రానన్నాడు. రేజరు ఎడమచెంపకు ఆనించి, పిడి వంచాడు. పలకలేదు. ఇంకాస్త వంచాడు. గది నిండా ఏడుపే. దాని కింద ఎక్కడో చప్పుడుంది గానీ చెవికి అందడం లేదు.

"కాసేపు ఏడవకమ్మా" అన్నాడు. "వినిపించడం లేదు."

చెల్లెలు కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ నిశ్శబ్దంలో ఆయన ఎడమచెంప గీశాడు, గడ్డం గీశాడు, చెవి కిందికి వచ్చాడు. అక్కడ చేయి ఆగింది. ఆ చోటు వదలాలో గీయాలో ఆయనకు తోచలేదు. చివరికి గీశాడు. తెగింది.

పక్షం రోజులుండి చెల్లెలు తన ఇంటికి వెళ్ళిపోయింది. తనతో రమ్మని ఎంతో బతిమాలింది. ఉప్పుడబ్బా ఎక్కడుందో తెలిసిన ఇల్లు ఇదొక్కటేనన్నాడాయన. చెల్లెలు వెళ్ళాక వారం రోజులు గడ్డం ముట్టుకోలేదు. ఎనిమిదోనాడు కత్తెరతో కత్తిరించి, తర్వాత రేజరు పట్టాడు. గంట పట్టింది. అది మొదలు రోజూ గీసుకుంటూనే ఉన్నాడు. తడిమి చూసేవాళ్ళు లేరని ఎక్కడా వదిలిపెట్టలేదు.

ఒకరోజు పాలు తెచ్చుకుని వస్తుంటే ఎదురింటి పోస్టుమాన్ ఆపాడు. ఏం చెప్పాలో తెలియక కాసేపు వాతావరణం గురించి మాట్లాడాడు. ఆ తర్వాత, కాలరు మీద నెత్తురు మరకుందని మెల్లగా చెప్పాడు. ఇవాళ్టిదేనా అని అడిగాడు టర్నరు. "ఎండిపోయుంది. నిన్నటిదో మొన్నటిదో" అన్నాడు పోస్టుమాన్. నేను పొద్దున్నే ఇక్కడే కూర్చుంటాను, వెళ్ళేటప్పుడు ఒక్క క్షణం ఆగితే చూసి చెప్తానన్నాడు. టర్నరు సరేనన్నాడు. మంచిమాటే చెప్పాడని కూడా అన్నాడు.

ఇంట్లోకి వచ్చి చొక్కా విప్పాడు. కాలరు లోపల ఒకే ముడి తగిలింది, తెల్లది. నెత్తుటి మరకకు చన్నీళ్ళే వాడాలని ఆవిడ చెబుతుండేది. బక్కెట్లో చన్నీళ్ళు పట్టి, కాలరుకు సబ్బు రుద్ది, రెండు చేతులతో నలిపాడు. జాడించి, వేళ్ళతో తడిమాడు. తడిగుడ్డ తగిలింది, అంతే. మరక పోయిందో లేదో వేళ్ళు చెప్పలేకపోయాయి. మళ్ళీ సబ్బు రాశాడు. మధ్యాహ్నం దాకా ఆయన ఆ కాలరు ఉతుకుతూనే ఉన్నాడు.