తల్లిగారింటికి పోయింది

టీకాల రిజిస్టరులో సౌమ్య కొడుకు పేరు పక్కన ఆశా కార్యకర్త అఖిల ఆ మాట ఆరుసార్లు రాసింది. టీకా ఎందుకు పడలేదో చెప్పే గడిలో, నెలకొకసారి: తల్లిగారింటికి పోయింది. మొదటిసారి రాసినప్పుడు అది నిజమే. కాన్పుకు తల్లిగారి ఊరు ఎల్లంతకుంట పోయిన సౌమ్య అప్పటికింకా రాలేదు. అక్కడి ఆశా కార్యకర్త ‘అత్తగారింటికి పోతుంది’ అని రాసుకొని ఉంటుంది. ఆడపిల్ల విషయంలో ఈ రెండు మాటలను ఎవరూ అనుమానించరు.

కానీ సౌమ్య తిరిగొచ్చి ఐదు నెలలైంది. ఆ ఇంటి దండెం మీద చిన్న చిన్న అంగీలు ఆరుతుండడం అఖిల చూసింది. చూసిన ప్రతిసారీ సందు మూలమీదే వెనక్కి తిరిగింది.

మూడేళ్ల కింద సౌమ్య పెద్దపిల్లకు అఖిల సూది వేయించిన మర్నాడు జ్వరమొచ్చింది. సౌమ్య అత్త లచ్చవ్వ రేషన్ దుకాణం ముందర అందరూ వింటుండగా అన్నది: “పదో తరగతి తప్పినోళ్ల మాటలిని సూదేపిస్తె గిట్లనే అయితది.” అఖిల నిజంగానే పదో తరగతి తప్పింది. ఆరోజు ఎవరెవరు నవ్వారో ఆమెకు గుర్తులేదు. తను కూడా నవ్విన సంగతి మాత్రం గుర్తుంది.

ఇప్పుడు టీకాలు తప్పిన పిల్లల్ని వెతికి వేయాలని దేశమంతా ఆర్డరు వచ్చింది. రిజిస్టరు చూస్తే చాలదు, ఇల్లిల్లూ తిరగాలి. నర్సు ఉష మేడం టీకాల డబ్బా భుజానేసుకొని ముందు నడిచింది. ఈసారి మూలమీద ఆగడానికి వీల్లేకపోయింది.

సౌమ్య పిల్లాణ్ణి, కార్డును తెచ్చింది. ఉష మేడం కార్డు తిప్పి చూసింది.

“పదకొండు నెలల పిలగాడు. పుట్టినప్పుడేసిన సూది తప్ప ఒక్కటి లేదు. వీళ్లు ఎప్పుడొచ్చిన్రు అఖిలా?”

అఖిల నోరు తెరిచింది. లచ్చవ్వ అందుకున్నది.

“నేనే వద్దన్న మేడం. పెద్దపిల్లకు జెరమొచ్చింది గదా, భయమైంది. గీ పిల్ల మస్తుసార్లు అచ్చి అడిగింది.”

అత్త మొఖం చూసి సౌమ్య తల దించుకున్నది.

“నీ మొండితనానికి పిలగాడేం చేసిండవ్వా? తట్టు పోస్తే ఎవలు జిమ్మేదారి?”

“తప్పే మేడం. ముసలిదాన్ని, తెల్వలె.”

పిల్లాడి కాళ్లు అఖిల పట్టుకున్నది. తొడకొకటి, జబ్బకొకటి. వాడు ఏడుస్తూ ఆమె బొటనవేలిని గట్టిగా పట్టుకున్నాడు. ఆ ఏడుపు మధ్య తన గుండెలోంచి ఏదో బరువు దిగినట్టు అఖిలకు తోచింది. అది తను తప్పించుకున్నానన్న ఊరట అని పోల్చుకోవడానికి ఒక క్షణం పట్టింది. పోల్చుకున్నాక వాడి పట్టులోంచి వేలు లాక్కున్నది.

“ఇంటోళ్లు ఒప్పుకోలె అని రాయి” అని చెప్పి, ఫోను మోగితే ఉష మేడం వాకిట్లోకి పోయింది.

“నేనెన్నడచ్చిన పెద్దమ్మా?” అఖిల గొంతు తగ్గించి అడిగింది.

“మూల కాడి దాంక అచ్చి మర్లిపోయేదానివి. కిటికీలకెళ్లి సూసేదాన్ని.”

“మరి పిలువలేదేంది?”

“ఏ మొఖం పెట్టుకొని పిలుద్దు? దుకాణం కాడ నోరు జారింది నేనే గదా. ఇయ్యాల పిలుద్దాం, రేపు పిలుద్దాం అనుకుంటనే ఉన్న.” లచ్చవ్వ మనవడి తొడ మీద దూది ఒత్తిపట్టింది.

తిడితే బాగుండునని అఖిలకు అనిపించింది. తనను దూరం నుంచి చూస్తూ ఒక మనిషి ఐదు నెలలు సిగ్గుపడుతూ కూర్చున్నది. ఇద్దరి సిగ్గుల నడుమ పిల్లాడు పాకడం నేర్చుకున్నాడు.

అఖిల వాకిట్లోకి నడిచింది.

“మేడం, ఆమె వద్దనలె. నేనే రాలె. వీళ్లు అచ్చినంక ఒక్కసారి గూడ గడప తొక్కలె. రాసిందంత ఉత్తదే.”

ఉష మేడం ఫోను చెవి దగ్గర్నుంచి దించింది. తిట్టలేదు.

“గిట్ల ఇంకెంతమంది ఉన్నరు?”

ఆ ప్రశ్న వస్తుందని అఖిల అనుకోలేదు. అయినా ఆలోచించాల్సిన పని పడలేదు. ఏ గడపలు తప్పించుకొని తిరిగిందో ఆమె కాళ్లకు తెలుసు.

“ఇంక ఇద్దరు” అన్నది.