పెద్ద టైర్ల జీపు

జీపుకి మొదట మామూలు టైర్లే ఉండేవి. సన్నవి, అరిగి నున్నబడినవి. అండమాన్‌లో మా వండూరు నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి పొద్దున ఒక ట్రిప్పు, సాయంత్రం ఒక ట్రిప్పు. మనుషులు, కొబ్బరికాయలు, చేపల బుట్టలు. నా కొడుకు దేవేంద్ర నడిపేవాడు. దాని మీదే మా ఇల్లు గడిచింది.

సునామీ వచ్చిన ఏడాది వానాకాలంలో వాడికి పిచ్చి పట్టింది. మద్రాసు నుంచి ఓడ మీద టైర్లు తెప్పించాడు. నా మోకాలు దాటి ఉన్నాయి. చుట్టూ ఇటుకల్లాంటి రబ్బరు దిమ్మలు. అవి పట్టడానికి జీపుని పైకి లేపించాడు. ముందు ఇనప గార్డు కొట్టించాడు. పైన క్యారియర్, దాని మీద వరసగా పెద్ద లైట్లు. వెనక ఇంకో టైరు, అదీ అంత లావుదే. ఇంజను గాలి పీల్చే గొట్టాన్ని అద్దం పక్క నుంచి పైకి తీయించాడు, నీళ్లలో నడవడానికట. టూరిస్టులు అలాంటి బండే అడుగుతారన్నాడు. అడిగినవాళ్లని నేను చూడలేదు.

నా భార్య రామలక్ష్మి హారతి పళ్లెం తెచ్చి గార్డుకి బొట్టు పెట్టింది. ఎక్కబోతే కాలు అందలేదు. పీట తెమ్మంది.

"ఏటి, అలా సూస్తన్నావు? పెళ్లయిన కాణ్ణుంచి ఎప్పుడైనా నన్నింత ఎత్తు ఎక్కించినావా?" అంది నాతో.

"దిగినప్పుడు తెలుస్తాది."

"దింపడానికి నా కొడుకున్నాడు. నువ్వు పీట పట్టుకో, సాలు."

పట్టుకున్నాను.

నెల తిరక్కుండా డీజిల్ సంగతి తెలిసింది. పోర్ట్ బ్లెయిర్‌లో అబర్డీన్ బజార్ వెనక మెకానిక్ నూకన్న షెడ్డు ఉండేది. శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్ల బళ్లన్నీ అతని దగ్గరికే. బండి మరీ తాగుతోందని దేవేంద్ర మొర పెట్టుకున్నాడు. నేనూ పక్కనే ఉన్నాను. నూకన్న టైరుని కాలితో తన్ని నవ్వాడు.

"తాగదేటి అల్లుడూ? నీ సెప్పులిప్పించి ఇనప బూట్లు తొడిగి, నెత్తి మీద మంచం పెట్టి పరిగెత్తమంటే నీకు ఆకలెయ్యదా? టైరు బరువు. ఈ దిమ్మలు రోడ్డుని పట్టుకుని వదలవు. పైనున్న క్యారియర్ గాలికి అడ్డం. ముందు గార్డు మోత బరువు. ఇంజను మాత్రం పాతదే కదా, పాపం."

"కొంచెం ట్యూనింగ్ సెయ్యి మామా, సరిపోద్ది."

"ట్యూనింగుతో పోదు. ఇంకోటి ఇను. ఇకనించి నీ మీటరు అబద్ధం సెప్తాది. సక్రం పెద్దదైతే తక్కువసార్లు తిరుగుతాది. మీటరు సక్రాన్ని లెక్కపెడతాది గాని రోడ్డుని కాదు. నువ్వు ఎక్కువ పోతావు, అది తక్కువ సూపిస్తాది."

"మంచిదే కదా. అమ్మినప్పుడు బండి తక్కువ తిరిగిందని సెప్పుకోవచ్చు."

ఇద్దరూ నవ్వుకున్నారు.

మా దీవిలో జీపుల డీజిల్ ముల్లు పనిచేయదు. ఉప్పుగాలికి పోతుంది, ఎవడూ బాగు చేయించడు. ట్యాంకు నింపిన రోజు కిలోమీటర్ల మీటరు చూసి గుర్తు పెట్టుకుంటారు. ఇంత తిరిగాక మళ్లీ నింపాలి. డ్రైవర్లందరి పద్ధతీ అదే. దేవేంద్ర తన పాత లెక్కని తగ్గించుకున్నాడు. బండి తాగుడు పెరిగినందుకు తగ్గించాడు. మీటరు అబద్ధానికి తగ్గించలేదు. నూకన్న చెప్పింది వాడికి జోకుగానే మిగిలింది. పంపు ముందు నుంచే రోజూ పోతాడు, అయిపోకముందే పోయించుకుంటాడు కాబట్టి ఆ తప్పు బయటపడలేదు.

డిసెంబరు చివరి ఆదివారం పొద్దున నేల ఊగింది. సముద్రం వెనక్కి పోయింది. తర్వాత వచ్చింది. మేం బడి ఉన్న మెరక మీదికి పరిగెత్తాం. రామలక్ష్మి పక్కింటి ముసలి యర్రమ్మని లాక్కొస్తూ తుప్పు రేకు తొక్కింది. చీర కొంగు చింపి పాదానికి కట్టుకుంది. మా ఇంటికి పునాది మిగిలింది.

ఆ బడిలోనే క్యాంపు పెట్టారు. పోర్ట్ బ్లెయిర్ దారిలో సిప్పీఘాట్ దగ్గర నేల కుంగిపోయింది. వరి పొలాలు సముద్రంలో కలిశాయి. పోటు వేళ రోడ్డు మీద తొడల్లోతు నీళ్లు. బస్సు రాలేదు. మా జీపు వెళ్లింది. అదీ చెప్పాలి. ఆ టైర్లు లేకపోతే మొదటి రోజుల్లో మా క్యాంపుకి బియ్యం లేదు, మందు లేదు. జీపు కనిపిస్తే చాలు, జనం ఎదురెళ్లేవారు. ఎవరో గార్డుకి అడవిపూల దండ వేశారు.

"ఇది బండి కాదు, ఏనుగు" అంది రామలక్ష్మి, కుంటుతూనే గంజి పోస్తూ. "ఇప్పుడేటంటావు?"

నేను గిన్నె చాచాను.

ఏనుగుకి మేత కావాలి. పోర్ట్ బ్లెయిర్ ఊళ్లో డీజిల్ చీటీ మీద కొలిచి పోసేవారు. నీళ్లలో, బురదలో చిన్న గేరులో ఈడ్చడం. పట్టు కోసం వాడు టైర్లలో గాలి తగ్గించాడు. మళ్లీ కొట్టించుకోడానికి ఊళ్లో కరెంటు ఉంటే కదా. మెత్తబడ్డ టైర్లతోనే గట్టి రోడ్డు మీదా నడిపాడు. వాసన చూస్తేనే తెలిసేది, ఎంత కాలుస్తోందో.

"ఒక డబ్బా డీజిల్ ఇంట్లో ఉంచు. ఎవరడిగినా తియ్యకు" అన్నాను. ఇల్లంటే అప్పటికి బడి వరండాలో ఒక మూల. "మీ అమ్మ కాలు నాకు నచ్చట్లేదు."

"అలాగే నాన్నా."

పెట్టాడు. మా చాప పక్కనే, గోడ వారగా. రామలక్ష్మి దాని మీద తన చీర మడత పెట్టి తలగడలా వాడుకునేది. పుండు పైకి మానినట్టే కనిపించింది. సూది వేయించుకోమంటే, పసిపిల్లలున్నారు, వాళ్లకి ముందు వెయ్యనీ అంది.

జనవరి సగం గడిచాక ఒక పొద్దున ఆమెకి టీ గ్లాసు అందించాను. నోరు తెరుచుకోలేదు. టీ గడ్డం మీంచి కారింది. మెడ పట్టేసింది. క్యాంపు నర్సు భానుశ్రీ వచ్చి దవడ నొక్కి చూసింది. ఆ పిల్ల మొహం మారింది.

"అంకుల్, ధనుర్వాతంలాగుంది. ఇక్కడ నా దగ్గర ఏమీ లేదు. హాస్పిటల్‌కి తీసుకెళ్లండి. జల్దీ. ఒక్క గంట కూడా ఆగకండి."

రామలక్ష్మి పళ్ల సందు నుంచి అంది, "నీ మొక్కు తీరింది. నా నోరు మూతపడింది."

ఆమె నాతో ఆడిన చివరి వేళాకోళం అది.

"డబ్బా పొయ్యి" అన్నాను దేవేంద్రతో. చాప పక్కన డబ్బా లేదు. వాడు నేల చూశాడు.

"నిన్న మన క్యాంపులో వీరన్నకిచ్చాను నాన్నా. సునామీలో కొట్టుకుపోయిన వాళ్ల తమ్ముడి పడవ తునకలు ఏదో దీవి ఒడ్డున కనిపించాయంట. ఎతకడానికి బోటులో డీజిల్ లేదని ఏడిసాడు."

"తియ్యొద్దన్నాను."

"ట్యాంకులో ఉంది నాన్నా. మీటరు సూసే ఇచ్చాను. ఊళ్లోకి పోయి రావడానికి కూడా సరిపోద్ది."

"సరిగ్గా సూసినావా?"

"నేను రోజూ నడిపే బండి కదా."

ఆమెని ఎక్కించడానికి పీట లేదు. సముద్రం తీసుకుపోయింది. నేను కింద నుంచి ఎత్తాను, వాడు పైనుంచి లాగాడు. ఒళ్లు పలకలా బిగుసుకుపోయింది. అంత ఎత్తుకి లేపుతుంటే నడుము విల్లులా వంగింది. కేక బయటికి రాలేదు. నోరు మూసుకుపోయింది కదా. ముక్కులోంచి వచ్చింది ఆ చప్పుడు. దారి పొడుగునా బండి ఎక్కడ కుదిపినా అదే చప్పుడు. ఆమె తల నా ఒళ్లో పెట్టుకుని చెవులు మూశాను. దేవేంద్ర వెనక్కి తిరిగి చూడలేదు. "వచ్చేశాం అమ్మా, వచ్చేశాం" అంటూ నడిపాడు.

సిప్పీఘాట్ చేరేసరికి పోటు మొదలయింది. నీళ్లలోకి దిగాం. సగం దారిలో ఇంజను దగ్గింది. రెండుసార్లు ఎగిరింది. ఆగిపోయింది.

వాడు తాళం తిప్పాడు. మళ్లీ తిప్పాడు. దిగి ట్యాంకు మూత తీసి, రోడ్డు పక్క చెట్టు కొమ్మ విరిచి ముంచాడు. పొడిగా వచ్చింది. బానెట్ ఎత్తి చేతిపంపు కొట్టాడు. గాలి తప్ప ఏమీ లేదు. తర్వాత లోపలికి వంగి మీటరు చూశాడు. వేలితో దాని అద్దం మీద కొట్టాడు.

"ఇంకా ఉండాలి నాన్నా. మీటరు ప్రకారం ఇంకా ఉండాలి."

నేను దిగి తోశాను. వాడూ తోశాడు. ఇంచు కదల్లేదు. ఆ గార్డు, ఆ క్యారియర్, ఆ లావు టైర్లు. బురదని కరిచిపెట్టుకుని కూర్చుంది. పాత బండయితే ఇద్దరం తోసుకుపోయేవాళ్లం.

వెనక సీటు ఊడదీశాం. దాని మీద ఆమెని పడుకోబెట్టి భుజాలకెత్తుకున్నాం. నీళ్లు నడుం దాకా ఉన్నాయి. కాలు జారినప్పుడల్లా సీటు ఊగింది. ఊగినప్పుడల్లా ఆమెకి వాయువు వచ్చి ఒళ్లు విరుచుకుంది. వెనక నుంచి వాడు ఏడుస్తున్న చప్పుడు వినిపించింది.

"నోరుముయ్యి. చప్పుడు దానికి పడదు" అన్నాను.

గట్టు చేరాక చాలాసేపు ఏ బండీ రాలేదు. ఎండ పెరిగింది. నా లుంగీ పిండి ఆమె మొహానికి నీడ పట్టాను. పోలీసు ట్రక్కు ఒకటి వచ్చింది. వాళ్లు మంచివాళ్లు. నెమ్మదిగా నడిపారు.

ఆస్పత్రిలో చీకటి గదిలో పెట్టారు. వెలుతురు తగిలినా ఆమెకి ఒళ్లు వంకర్లు పోయేది. కొన్నాళ్లుంది. కళ్లు మాత్రం నన్ను గుర్తుపట్టేవి. తర్వాత అదీ లేదు.

దేవేంద్ర డాక్టరు దగ్గరికి వెళ్లి వచ్చాడు.

"ముందు తెచ్చినా సెప్పలేమన్నాడు నాన్నా. ఈ జబ్బే అలాంటిదంట."

ఆ మాటని పండు తెచ్చినట్టు తెచ్చి నా ముందు పెట్టాడు. నేను తీసుకోలేదు.

ప్రభుత్వం లెక్కలో రామలక్ష్మి సునామీలో పోలేదు. జబ్బు చేసి పోయింది.

తల్లికి కొడుకే తలకొరివి పెట్టాలి. వాడు స్నానం చేసి తడిబట్టతో కుండ పట్టుకుని నిలబడ్డాడు. నేను కుండ లాక్కున్నాను. పెద్దాయన రమణయ్య నా చెయ్యి పట్టుకున్నాడు.

"తప్పురా ధనరాజూ. కొడుకు బతికుండగా నువ్వు పెట్టకూడదు. కన్నతల్లిరా వాడికి."

"దీనికి కొడుకు లేడు" అన్నాను.

వాడికి వినపడాలనే అన్నాను. వినపడింది. చితికి నేనే నిప్పు పెట్టాను. వాడు దూరంగా, తడి బట్ట ఒంటి మీద ఆరేదాకా నిలబడ్డాడు.

వీరన్నకి తమ్ముడు దొరికాడు. శవమే. పెద్దకర్మనాడు వచ్చి నా కాళ్ల మీద పడ్డాడు.

"నీ కొడుకు పుణ్యాన నా తమ్ముడికి అగ్గి పెట్టుకున్నాను మామా. లేకపోతే చేపలు తినేసేవి. ఆ గుంటడ్ని ఏటీ అనకు."

"సచ్చినోడి కోసం బతికున్నదాన్ని ఇచ్చేశాడు. లే" అన్నాను.

వీరన్న లేచి వెళ్లిపోయాడు. మళ్లీ మా గుమ్మం తొక్కలేదు. తొక్కకపోతే పోయె.

జీపుని ఎవరో లాగి ఒడ్డున పడేశారు. దేవేంద్ర ఒక్కో సామానూ విప్పాడు. గార్డు, క్యారియర్, లైట్లు. పాత సన్న టైర్లు వేశాడు. ఆ జీపు తెచ్చి నా ముందు ఆపాడు, ఏదో చూపించినట్టు. నేను ప్రభుత్వం ఇచ్చిన రేకుల షెడ్డులోకి వెళ్లి తలుపేసుకున్నాను. కొన్నాళ్లకి జీపు అమ్మేసి పోర్ట్ బ్లెయిర్ పక్క ఆస్టినాబాద్‌లో గది తీసుకున్నాడని విన్నాను. పెళ్లి చేసుకున్నాడు. పిలవడానికి వచ్చాడు, నేను వెళ్లలేదు. రామలక్ష్మి తద్దినానికి ఏటా వస్తాడు. గుమ్మం బయట కూర్చుంటాడు. పిండం నేనే పెడతాను. వాడికి విస్తరి వెయ్యను. సాయంత్రానికి లేచి వెళ్లిపోతాడు.

"ఇంకెన్నాళ్లురా?" అని రమణయ్య అడిగేవాడు. ఆయనా పోయాడు.

సిప్పీఘాట్ రోడ్డు ఎత్తు చేశారు. ఇప్పుడు ఎంత చిన్న కారైనా చక్రం తడవకుండా పోతుంది. నేను బస్సులో వెళ్తాను.

మొన్న మందుల కోసం ఊళ్లోకి వెళ్తున్నాను. బస్సుని డీజిల్ కోసం పంపులోకి తిప్పారు. ముందు ఒక తెల్ల కారు, అద్దెకి తిప్పేది. పక్కన దేవేంద్ర. జుట్టు నెరిసింది. పంపు కుర్రాడు గొట్టం తీసేయబోయాడు.

"భయ్యా, పొద్దున్నే నింపాను కదా. ఫుల్ ఉంది. ఎక్కడ పొయ్యమంటావు?"

"పట్టినంత పొయ్యి."

"నింపి ఈ పక్కనున్న మిన్నీ బే దాకా పోయి మళ్లీ వస్తావు. ఊళ్లో అందరూ నిన్ను టంకీ భయ్యా అంటున్నారు, తెలుసా?"

"అననీ. పొయ్యి."

డీజిల్ పొంగి కారు పక్కన ధార కట్టింది. వెనక బస్సు డ్రైవరు హారన్ కొట్టాడు. దేవేంద్ర మూత బిగించి తలెత్తాడు. కిటికీలో నన్ను చూశాడు. వచ్చి కింద నిలబడ్డాడు. డీజిల్ చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"నాన్నా, ఊళ్లోకేనా? దిగు. నేను తీసుకెళ్తాను."

"టికెట్ తీసుకున్నాను."

"ట్యాంకు నిండా ఉంది నాన్నా."

నేను ముందుకు చూస్తూ కూర్చున్నాను. కండక్టరు నా భుజం తట్టాడు. "వెళ్లు చాచా, ఏసీ కారు. ఈ డొక్కు బస్సులో ఏముంది?"

"నీ పని నువ్వు సూసుకో."

బస్సుకి డీజిల్ పోయడం అయింది. బస్సు కదిలింది. వాడు కిటికీ ఊచ పట్టుకుని పక్కనే కొంత దూరం నడిచాడు. తర్వాత పరిగెత్తాల్సి వచ్చింది. వదిలేశాడు.