అక్క కొట్టిన అక్షరాలు

నేను ఒక ఫాంటును. కంప్యూటరులో ఉంటాను కాబట్టి నాకు బరువు లేదు, తుప్పు పట్టే భయమూ లేదు. అయినా అరిగిపోయే పుట్టాను. నా 'మ' తల విరిగి ఉంటుంది, 'ద' కడుపులో సిరా ముద్దకట్టి ఉంటుంది, 'ర' ఎప్పుడూ వరస తప్పి కాస్త కిందికి దిగుతుంది.

ఈ అవకరాలన్నీ రాజమండ్రిలో సువార్త అనే ఆవిడ టైపు మిషనువి. ఆవిడ నాటకాలు రాసేది. మనసులో మాట చల్లారిపోతుందేమోనన్నట్టు మీటల్ని గట్టిగా బాదేది. ఒక వానాకాలం జ్వరమొచ్చి, చిన్న వయసులోనే పోయింది. పోస్టర్లు డిజైను చేసే చెల్లెలు సలోమికి ఆ మిషనూ, నాటకాల కాగితాలూ మిగిలాయి. అక్క గొంతు ఒక్కసారైనా రికార్డు చేసి పెట్టుకోలేదే అని సలోమి కుమిలిపోయేది. చివరికి ఆ కాగితాల్లోంచి ఒక్కో అక్షరాన్నీ స్కాన్ చేసి, మరకా గీతా పోకుండా నన్ను తయారుచేసింది.

అన్నీ దొరికాయి గాని, 'ఝ' దొరకలేదు. సువార్త ఏ నాటకంలోనూ ఆ అక్షరం వాడలేదు. సలోమి తనే మిషను ముందు కూర్చుని కొట్టింది. పల్చగా పడింది. పళ్లు బిగించి మళ్లీ కొట్టింది. అయినా అక్క చేతి దెబ్బ రాలేదు.

"పోనీలే అక్కా, ఇదొక్కటీ నాది," అని దాన్ని అలాగే ఉంచేసింది.

తర్వాత నేను ఊళ్ల మీద పడ్డాను. దెయ్యాల సినిమాల పోస్టర్లూ, కాఫీ హోటళ్ల బోర్డులూ ఎక్కాను. కొత్త వస్తువుకు గీత పడితే గోలపెట్టే మనుషులు నా గీతల్ని మాత్రం కోరి తెచ్చుకుంటారు. ఒక పచ్చళ్ల వ్యాపారి, "మేడంగారూ, ఇంకాస్త చెడగొట్టండి. మా అమ్మమ్మ కాలం నాటిదనుకోవాలండి," అన్నాడు. సలోమి నవ్వలేదు. "ఇంతకన్నా చెడగొట్టడం నా వల్ల కాదండీ," అంది.

మొన్న వేసవిలో ఒక నాటక సమాజం సువార్త నాటకం ఆడటానికి ముందుకొచ్చింది. పోస్టరు సలోమే చేసింది, నాతోనే. సమాజం నడిపే ఇజ్రాయేలుగారు దాన్ని చూసి, మెల్లగా అడిగారు.

"అక్కగారి పేరు ముందు 'స్వర్గీయ' అని వెయ్యాలేమోనమ్మా?"

"వద్దండీ. ఇది రాసినప్పుడు బతికే ఉందిగా," అంది సలోమి.

పోస్టర్లు అంటించిన రోజు సాయంత్రం ఆమె మార్కెట్టు గోడ దగ్గరికి వెళ్లింది. జిగురు ఇంకా ఆరలేదు. అక్క పేరును కూడబలుక్కుంటున్నట్టు మెల్లగా చదివింది. తర్వాత, పిలిచినట్టు, ఒకసారి పైకి అంది. జనం తోసుకుపోతున్నా కదలకుండా అక్కడే కాసేపు నిలబడింది.

ఆమెకు ఎదురుగా గోడ మీద ఉన్నది నేనే. పలకడం నాకు చేతకాదు.