ఎట్లున్నది, బిడ్డా?

పొద్దు పొడిచేటప్పుడు ఇసుక చల్లగుంటది.

అరికాళ్లకు తడిబట్ట తాకినట్టుంటది. రాత్రంత గాలి దువ్విన ఇసుక — గీతలు గీతలుగ, కండ్లకు అందినంత దూరం. ఎవలూ తొక్కని ఇసుక. ఎవలూ ఇంకా పిలువని ఊర్మిల.

కువైటుల చలికాలం అచ్చిందంటే, ఆమె పనిచేసే ఇంటోళ్లు ఎడారిల గుడారాలు ఏసుకుంటరు. వాళ్లెంబడి ఊర్మిల పోవాలె. వాళ్లు లేవకముందే లేచి పొయ్యి ముట్టియ్యాలె. చాయ నీళ్లు మరిగేదాక కొంచెంసేపు… గంతసేపే ఆమెది.

గా కొంచెంసేపట్ల, మేడమ్ వాడి ఇడిసిన ఫోనుతోటి ఒక ఫొటో తీసేది. సిరిసిల్లకు పంపేది.

ఎట్లున్నది, బిడ్డా?

బాగుంది — అని అచ్చేది జవాబు. ఇంకేం ఉండకపోయేది.

బిడ్డ పేరు తేజస్విని. భర్త జ్వరమచ్చి సచ్చిపోయిన యేడు, బడి మొఖం చూడని పిల్లను సిరిసిల్లల అక్క విజయ ఒళ్లె కూసోబెట్టి ఊర్మిల ఇమానం ఎక్కింది. రెండేండ్లల అస్త అన్నది. రెండేండ్లు… ఇంకో రెండేండ్లు… ఏవి ఎప్పుడు గడిచినయో తెల్వకుంట గడిచినయ్. పిల్ల విజయను అమ్మ అని పిలువబట్టింది. ఒక పిల్లకు ఇద్దరమ్మలుంటే తప్పేంది అనుకున్నది ఊర్మిల.

నడుమల రెండుసార్లు ఊరికి అచ్చిపోయింది. పిల్ల విజయ కొంగు ఇడువలేదు.

విజయ ఇంట్ల సాంచెలు నడుస్తయ్ — కరెంటు మగ్గాలు. ఫోన్ల ఎప్పుడు మాట్లాడినా వెనుకనించి వాటి మోత. తిన్నవా? తిన్న. చదువుతున్నవా? ఆ. మంచిగున్నవా? ఆ. అటెన్క మోత ఒక్కటే ఇనబడేది.

ఇంకేం అడగాలె? పిల్లకు ఏ కూర ఇష్టమో తెల్వదు. ఎవలు దోస్తులో తెల్వదు.

అందుకే ఫొటోలు.

డిగ్రీ అయినంక తేజస్విని జగిత్యాలల ఒక ఫొటో స్టూడియోల పనికి కుదిరింది. పెండ్లి ఆల్బములు చేస్తది. కంప్యూటర్ ముందట కూసొని ఎవలెవలియో మొఖాలకు ఎలుగు పెడుతది.

ఒక పొద్దు ఊర్మిల ఎప్పటిలెక్కనే ఇసుక ఫొటో పంపింది. జవాబు ఎప్పటిలెక్క రాలేదు.

"వంకర ఉన్నది. నేల, ఆకాశం కలిసేకాడ గీత సీదా ఉండాలె. మోచేతులు కడుపుకు ఆనిచ్చి పట్టాలె."

చాయ పొంగిపోయింది. మేడమ్ తిట్టింది. ఊర్మిలకు ఇనబడలేదు.

బిడ్డ తప్పు పట్టింది! పరాయోళ్లకైతే బాగుందని చెప్పి ఊకుంటం. మనోళ్లనే కదా తప్పు పడుతం.

గట్ల మొదలైంది. మిట్టమధ్యాహ్నం తియ్యొద్దు, ఇసుక సచ్చినట్టు కనబడుతది అన్నది పిల్ల. ఎలుగు పక్కనించి పడాలె అన్నది. ఆకాశం తగ్గియ్యాలె, నేలను పెంచాలె… గుడారం తాడు అడ్డమస్తున్నది, జరగాలె… రాసుడు ఇడిసి గొంతు పంపుడు మొదలువెట్టింది. ఊర్మిల గిన్నెలు తోముకుంట ఇన్నది. బట్టలు ఆరేసుకుంట మళ్లా ఇన్నది.

నేర్చుకున్నది. గీత సీదా అయింది. నీడలు పొడుగైనయ్. ఒక దినం, ఏ తప్పూ లేని ఫొటో పంపింది. ఇసుక, దాని మీద గాలి జాడ… ఇంకేం లేదు.

బాగుంది.

ఒక్క మాట. మళ్లా ఒక్కటే మాట.

తెల్లారి ఊర్మిల ఫోనును కొంచెం పక్కకు వంచి పట్టింది. కావాలనే.

మళ్లా వంకరనేనా, ఎన్నిసార్లు చెప్పాలె అని పిల్ల గొంతు గుస్సా అయింది. ఎంత సేపు మాట్లాడిందో! ఊర్మిల నవ్వుకుంట, కండ్లు తుడుసుకుంట ఇన్నది.

అప్పటిసంది ప్రతి ఫొటోల ఒక తప్పు. దిద్దుకోను చిన్నది — బిడ్డ మాట పొడుగయ్యేందుకు సరిపోయేది.

ఈ యేడు ఎండకాలం ఊర్మిల మళ్లా పోకుంట ఊరికే అచ్చేసింది. మేడమోళ్ల పిల్లలు పెద్దగైండ్రు, ఇగ పనిమనిషి అక్కర లేదన్నరు. కోరుట్లల భర్త కట్టిన రెండర్రల ఇల్లు ఊడ్చుకున్నది. సున్నం ఏసుకున్నది. అక్కను, పిల్లను అన్నానికి పిలిచింది.

పిల్ల తనకంటె పొడుగైంది. గొంతు ఫోన్ల ఇన్న గొంతే. ఊర్మిల వేడన్నం పెట్టి, పక్కన కూసొని, తినమన్నది.

"మీరు కూడ తినుండ్రి," అన్నది తేజస్విని.

మీరు.

ఊర్మిల చేతిల గంటె ఆగింది. మొఖం మీది నవ్వును గట్లనే ఉంచింది. ఇన్నేండ్ల మాటలను మనసుల ఎతుక్కున్నది. ఉండాలె… పట్టాలె… జరగాలె… తియ్యొద్దు… ఒక్క దాంట్ల నువ్వు అని లేదు. మీరు అనీ లేదు. అమ్మా అని అసలే లేదు. ఉన్నదని ఆమెనే అనుకున్నది.

ఆ దినం ఇంకేం మాట్లాడుకోలేదు. చూపెట్టుకోను ఫొటో లేదు. దిద్దను తప్పు లేదు.

వానలు పడ్డంక జగిత్యాల ఫొటోగ్రాఫర్లు ఒక ఫంక్షన్ హాల్ల తమ ఫొటోలు పెట్టిండ్రు. తేజస్విని రమ్మని ఫోన్ చేసింది. ఊర్మిల పోయింది, విజయ అచ్చింది. గోడ మీద ఊర్మిల తీసిన ఇసుక — తలుపంత పెద్దగ. బాగుంది అని ఒక్క మాట అన్న ఫొటో. నిజంగనే బాగుందనే అన్నది పిల్ల. ఊర్మిలకు గది ఇప్పుడు తెలిసింది.

పెద్ద ఫొటోగ్రాఫర్ వీరేందర్ సార్ ఒక్కో ఫొటో కాడ ఆగి, మంచి చెడ్డ చెప్పుకుంట అచ్చిండు. ఇసుక ముందట నిలబడ్డడు. ఎలుగు మంచిగ దొరికింది గని, ఇందుల మనిషి లేడు, ఖాళీగున్నది అన్నడు.

ఊర్మిల తల వంచుకున్నది. తేజస్విని ముందలికి అచ్చింది.

"గా ఖాళీనే ఫొటో, సార్. మనిషిని పెడితే అబద్ధమైతది. తీసినామె గక్కడ ఒక్కతే ఉన్నది."

ఊర్మిల తల ఎత్తింది. బిడ్డ చూసింది. ఫొటోల లేనిది కూడ చూసింది.

వీరేందర్ సార్ ఇంకోసారి చూసి, నిజమేనమ్మా అన్నడు. ఎవలు తీసిండ్రు అని అడిగిండు.

తేజస్వినికి ఒక పక్క విజయ. జ్వరమస్తే నొసలు మీద తడిబట్ట ఏసిన విజయ… స్టూడియోల అందరూ తేజస్విని వాళ్లమ్మ అని ఎరిగిన విజయ. ఇంకో పక్క ఊర్మిల.

"మా చిన్నమ్మ," అన్నది.

విజయ నోరు తెరవబోయింది. ఊర్మిల అక్క మోచెయ్యి పట్టుకొని మెల్లగ ఒత్తింది. వద్దక్కా… వద్దు.

తేజస్విని ఎవలనూ చూడలేదు. ఇసుకనే చూసుకుంట నిలబడ్డది.

విజయ ఎక్కిన సిరిసిల్ల బస్సు ముందుగాల పోయింది. కోరుట్ల బస్సు అచ్చేదాక పిల్ల ఊర్మిల పక్కన్నే నిలబడి, ఏదో అనబోయింది. ఊర్మిలనే అన్నది.

"మంచిగ చెప్పినవ్ బిడ్డా… ఫొటో సంగతి."

పిల్ల తల ఊపింది. పైలంగ పోండ్రి అన్నది.

బస్సుల పక్క సీట్ల ఒక ముసలమ్మ, ఒళ్లె ఉడుకబెట్టిన మక్క కంకుల సంచి. ఏ ఊరని అడిగింది. పిల్లలెందరని అడిగింది.

ఊర్మిల కిటికీల నించి చూసింది. పసుపు చేన్లు, మక్క చేన్లు… ఎటు చూసినా పచ్చగ, సందు లేకుంట.

"నాకు లేరవ్వా. మా అక్కకు ఒక బిడ్డ."

మంచిదేనా పిల్ల అన్నది ముసలమ్మ.

"మంచిగ సాదింది మా అక్క."

ముసలమ్మ కంకి ఇరిచి సగం చేతుల పెట్టింది. ఇంకా కాలుతున్నది. ఊర్మిల రెండు చేతులల్ల పట్టుకొని కూసున్నది. తినలేదు. కింద పెట్టలేదు…

వాన అందుకున్నది. ముందు సీట్లకాడినించి కిటికీలు మూసుకుంట అచ్చిండ్రు — ఒకటెన్క ఒకటి.